మా ఆయన ‘పర్లేదు’

మా ఆయన దగ్గర ‘పర్లేదు’ అని ఒక మాట ఉంది. కూరలో ఉప్పు మర్చిపోయినా పర్లేదు, రెండుసార్లు వేసినా పర్లేదు. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా పర్లేదు. వారం వారం నేను వండే గుత్తివంకాయ ఎలా ఉందంటే, అదీ పర్లేదే. పెళ్లిచూపులయ్యాక పిల్ల ఎలా ఉందిరా అని వాళ్లమ్మ అడిగితే కూడా అదే మాట అన్నారట. మా ఆడపడుచు ఆ సంగతి నవ్వుతూ చెప్పింది కానీ నేను మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. బాగుందో బాలేదో నేరుగా చెబితే ఎదుటివాళ్లు ఎక్కడ నొచ్చుకుంటారో అని ఆయన బాధ. మొహమాటం చాలామందికి ఉంటుంది, ఈయనకి ముదిరిపోయింది.

ఆ పర్లేదుల్లో రకాలు విడదీయడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మామూలుగా అంటే ఫర్వాలేదు, నడుస్తుంది అని. గొంతు కాస్త సాగదీస్తే నచ్చలేదని. చివర్లో ‘లే’ తగిలించి ‘పర్లేదులే’ అన్నారంటే భరించలేకుండా ఉన్నారని. ఈ తేడా ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. దానివల్లే ఈ కథంతా నడిచింది.

మేం అప్పుడు అబుదాబిలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో, ఒక విల్లాని ముక్కలు చేసి అద్దెకిచ్చిన వాటాల్లో ఒకదాంట్లో ఉండేవాళ్లం. ఒక హాలు, ఒక గది, ఒకరు తిరిగితే ఇంకొకరు బయటికి రావాల్సినంత వంటగది. నేను ఆసుపత్రిలో డయాలసిస్ వార్డు నర్సుని. ఆయన ట్రైలర్ డ్రైవరు. దుబాయ్ రేవు పక్క జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో కంటైనర్ ఎక్కించుకుని, మాకు దగ్గర్లో ముసఫాలో ఉన్న వాళ్ల కంపెనీ యార్డుకి తెచ్చేవారు. ఆ పని ఆయనకి ప్రాణం. ట్రైలర్‌ని వెనక్కి పెట్టి ఇరుకు సందులో చెయ్యి ఆడినట్టు నిలబెట్టేవారట. ఈ ‘అట’ కూడా పక్క డ్రైవర్లు చెప్పిందే, ఆయన చెప్పింది కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఇంట్లో నోరెత్తని ఈ మనిషి స్టీరింగ్ పట్టుకుంటే మారిపోతారు. మా చిన్న కారులో చర్చికి వెళ్లేటప్పుడు కూడా, ఎవడైనా ఇండికేటర్ వెయ్యకుండా అడ్డమొస్తే చాలు, “అంధా హై క్యా? తేరే బాప్ కీ సడక్ హై?” అని, కళ్లు లేవా, ఇది నీ బాబు రోడ్డా అని హిందీలో మొదలయ్యేది. తెలుగులో తిట్టడం ఆయనకి రాదు. తిట్టడం అయిపోయాక “ప్రభువా, క్షమించు” అని చిన్నగా అనుకునేవారు. పక్క సీట్లో కూర్చుని నేను నవ్వాపుకునేదాన్ని. మర్యాద అంతా ఇంటిదగ్గర వదిలేసి హాయిగా ఉండే చోటు ఆయనకి ఆ ఒక్కటే అని నాకు తోచేది.

ఒకరోజు పొద్దున యార్డులో బండి ఎక్కబోతూ మెట్టు మీదే కూలబడ్డారు. ఆకాశం నేల ఒకటై తిరిగిపోయిందట. లోపలి చెవిలో తేడా వచ్చిందన్నారు. మందులు వాడితే వాంతులు తగ్గాయి, తల తిరగడం మాత్రం పూర్తిగా వదల్లేదు. దేవుడి దయ, బండి కదలకముందే వచ్చింది. అదే హైవే మీద వస్తే అని ఆలోచించడం మొదలుపెడితే నాకు నిద్ర పట్టేది కాదు.

కంపెనీ వాళ్లు మంచిగానే చూశారు. పనిలోంచి తీసెయ్యకుండా గేటు దగ్గర కూర్చోబెట్టారు. వచ్చే పోయే కంటైనర్ల సీలు నంబర్లు చూసుకోవడం పని. రంజాన్ దాటాక కంపెనీ డాక్టరు మళ్లీ చూస్తాడు, తల తిరగడం పోయిందంటే బండి తాళాలు ఇస్తారు, లేదంటే ఇక గేటే, ఖలాస్, అని వాళ్ల ముదీర్, అంటే మేనేజరు, ముందే చెప్పేశాడు. మా ఆయన ఏమన్నారంటే, ఇంకేమంటారు, పర్లేదన్నారు. కానీ గేటు నుంచి వచ్చాక సోఫాలో కూర్చుని గోడ వంక చూస్తుండేవారు. మా కారు కూడా దుబాయ్‌లో ఉండే మా తమ్ముడికి ఇచ్చేశాం. దాంతో హిందీ తిట్లు వినబడటం మానేశాయి. ఆ తిట్ల కోసం నేను మొహం వాచిపోయాను.

ఫిజియోథెరపీ ఆవిడ కొన్ని కసరత్తులు చెప్పింది. బొటనవేలు ముందు పెట్టుకుని, దాన్నే చూస్తూ తల అటూ ఇటూ తిప్పడం లాంటివి. కొన్నాళ్లయ్యాక, కదిలే బొమ్మలు కూడా కొంచెం కొంచెంగా చూడటం అలవాటు చెయ్యమంది. కడుపులో తిప్పితే వెంటనే ఆపేయాలి, మొండికేసి భరించకూడదు, ఎలా ఉందో ఎప్పటికప్పుడు చెప్పాలి అంది. ఆ చివరి మాట విని నేను నా మొగుడి మొహం చూశాను. ఎవరికి చెబుతున్నావమ్మా అనుకున్నాను.

ఈ సంగతి ఫోన్లో చెప్పడమే ఆలస్యం, మా తమ్ముడు శనివారం పొద్దున్నే కంప్యూటరు మోసుకుని దిగాడు. వాడు ఒక ఆఫీసులో సిస్టమ్స్ చూస్తాడు, ఖాళీ దొరికితే కంప్యూటర్ ఆటలు. కంప్యూటర్‌తో పాటు బల్లకి బిగించే స్టీరింగు, కింద పెడళ్లు కూడా తెచ్చాడు. అందులో ఒక లారీ ఆట ఉంది. ఎవరినీ చంపడం ఉండదు, సరుకు ఎక్కించుకుని ఊరి నుంచి ఊరికి తోలడమే. బావా, నీ బండి నీకు తెచ్చేశాను అన్నాడు. మా ఆయన కళ్లలో వెలుగు చూసి ఎంత కాలమైందో. ఆట ఆడగలిగితే అసలు బండీ నడపగలనని ఆయన ఆ క్షణమే నిర్ణయించేసుకున్నారు. ఆట పరీక్ష కాదు, కసరత్తు మాత్రమే అని నేను నర్సుగా చెబుతూనే ఉన్నాను. భార్యగా నేనూ అదే ఆశపడ్డాను, ఎందుకు అబద్ధం.

తెర మాత్రం పక్క వాటాలో ఉండే జగిత్యాల కుర్రాడిది. ముసఫాలో ఒక గ్యారేజీ ఆఫీసులో లెక్కలు చూస్తాడు, వాడికీ ఇదే పిచ్చి. కొత్త తెర కొనుక్కుని పాతది ఊరికే ఇచ్చాడు. అలా కంప్యూటర్ బావమరిదిది, తెర పక్కింటివాడిది అయింది. మా ఆయన మొహమాటానికి ఇద్దరు యజమానులు దొరికారు.

మొదటిరోజు బండి కదిలిన కాసేపటికే ఆయన పెదాలు పాలిపోయాయి. బొమ్మ తడబడుతోంది. రోడ్డు నున్నగా జారకుండా ఎక్కిళ్లు పడుతున్నట్టు ఆగి ఆగి వస్తోంది. మలుపు తిరిగినప్పుడు తెర మధ్యలో చిరిగినట్టు పై సగం ఒక చోట, కింది సగం ఇంకో చోట. ఎలా ఉంది బావా అని మా వాడు అడిగాడు. “పర్లేదులే,” అన్నారాయన. మా వాడు సంబరపడిపోయాడు. నేను వెళ్లి స్విచ్చి కట్టేసి, ఆయన చేతికి బకెట్ ఇచ్చాను. సరిగ్గా సమయానికే ఇచ్చాను.

అప్పట్నుంచి మా హాల్లో పచ్చ పార్టీ, ఎర్ర పార్టీ గొడవ మొదలైంది. నాకు మొదట్లో అర్థం కాలేదు. ఎన్నికలు కాదు కదా అనుకున్నాను. బొమ్మలు గీసే కార్డులు చేసే కంపెనీలు రెండున్నాయట. ఒకదాని రంగు పచ్చ, ఇంకోదానిది ఎరుపు. పచ్చ అంటే ఏ పచ్చరా, మన వైపు పసుపూ పచ్చే, ఆకూ పచ్చే కదా అని అడిగితే ఇద్దరూ నా వంక జాలిగా చూశారు. ఆకుపచ్చట. మా తమ్ముడు పచ్చ, కంప్యూటర్లో ఉన్న కార్డూ పచ్చ. జగిత్యాల కుర్రాడు ఎరుపు.

వాళ్లు కొట్టుకుంటుంటే విని విని నాకు అర్థమైనంత చెబుతాను. ఆటలో బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి గబగబా గీస్తేనే రోడ్డు నున్నగా కదిలినట్టు కనబడుతుంది. కార్డు అంత వేగంగా గీయలేకపోతే ఎక్కిళ్లు వస్తాయి. దానికి రెండు కంపెనీల దగ్గరా రెండేసి కిటుకులున్నాయి. మొదటిది, బొమ్మని చిన్నగా గీసి, తర్వాత పెద్దది చేసి, చెదిరిన చోట్ల మెరుగులు దిద్దడం. పాత పాస్‌పోర్టు ఫోటో ఇస్తే స్టూడియోవాడు పెద్దది చేసి ఫ్రేము కట్టిచ్చినట్టు. చిన్న బొమ్మ గీయడం తేలిక కాబట్టి ఎక్కువ గీయగలదు. రెండోది ఇంకా చిత్రం. గీసిన రెండు బొమ్మల మధ్య మూడోది ఎలా ఉంటుందో యంత్రమే ఊహించి ఇరికించేస్తుంది. చూసేవాళ్లకి బొమ్మలు రెట్టింపు అయినట్టుంటుంది.

పచ్చవాళ్ల కిటుకు వాళ్ల కార్డులోనే పనిచేస్తుందట. ఎర్రవాళ్లది ఎవరి కార్డులో అయినా పనిచేస్తుందట. “గిదైతే అందరిదక్కా, తాళం ఏసి పెట్టుకోలే,” అని కుర్రాడి గర్వం. అందరికీ పంచేది పలచగానే ఉంటుందని మా వాడి వెటకారం. ఎర్ర కంపెనీ సాయం వల్లే తన పచ్చ కార్డులో రెండు రకాలూ పరీక్షించే వీలుందని మాత్రం ఒప్పుకోడు.

తెర మూలలో ఒక అంకె పెట్టారు. క్షణానికి ఎన్ని బొమ్మలో చూపించే అంకె. మా వాడు ఏదో నొక్కుతాడు, అంకె ఎగురుతుంది, బావా ఎలా ఉందంటాడు. ఆయన పర్లేదు అంటారు. పచ్చ గెలిచిందంటాడు వీడు. తర్వాత శనివారం కుర్రాడు వచ్చి ఎరుపు పెడతాడు, అన్నా మంచిగుందా అంటాడు. ఆయన పర్లేదు అంటారు. ఎరుపు గెలిచిందంటాడు వాడు. ఇద్దరూ అంకె వంకే చూస్తున్నారు. కుర్చీలో మనిషి చెమటలు పోసుకుంటూ కూర్చుని, ఎవరి మనసూ కష్టపెట్టకుండా ఇద్దరినీ గెలిపిస్తున్నాడు.

మా వార్డులో కొత్తగా చేరిన నర్సులకి నేను మొదట చెప్పేది ఒకటే. మెషీన్ కూత పెడితే మెషీన్ వంక కాదు, ముందు మంచం మీద మనిషిని చూడండి అని. అలాంటిది నా ఇంట్లోనే వారాల తరబడి ఈ తతంగం. ఒకరోజు నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరినీ నిలబెట్టి దులిపేశాను. మీ పచ్చా వద్దు, మీ ఎరుపూ వద్దు, ఆయన్ని ప్రయోగాల ఎలుకని చేసి ఆడుకుంటున్నారా అన్నాను. ఆయన మధ్యలో వచ్చి, పాపం వాళ్లనేం అనకు, పర్లేదు అన్నారు. ఆ మాటతో నా కోపం ఆయన మీదికి మళ్లింది. ఇక నుంచి ఈ ఇంట్లో ఆ మాట ఎత్తితే బకెట్ కూడా మీరే కడుక్కోవాలి అన్నాను.

ఆ తర్వాతి శనివారం పరీక్ష నేనే పెట్టాను. పొద్దున్నే, కడుపులో రెండు బ్రెడ్డు ముక్కలు తప్ప ఏమీ లేకుండా. మూలలో అంకె తీసేయించాను. కిటుకు మార్చేటప్పుడు ఆయన గదిలోకి వెళ్లాలి. ఏది పెట్టారో నా చెవిలో చెప్పి, కుర్రాళ్లిద్దరూ వంటగదిలోకి వెళ్లి తలుపేసుకోవాలి. ఎవరి ముందూ మంచి అనిపించుకోవాల్సిన పని ఆయనకి ఉండకూడదు. ఆయన నోటిని నమ్మడం మానేశాను. పక్కన ముక్కాలి పీట వేసుకుని పేషెంటుని చూసినట్టే చూశాను. కనుపాపలు, నుదుటి మీద చెమట, గుటకలు, ఎడమచెయ్యి బల్ల అంచుని ఎంత గట్టిగా పట్టుకుంది, ఇవే.

ఊహించి ఇరికించే కిటుకుతో మొదలుపెట్టాం. పచ్చవాళ్లది. చూడటానికి ఎంత బాగుందో చెప్పలేను, రోడ్డు వెన్నలా జారుతోంది. నేను పక్కన కూర్చుని ఇదే, దొరికింది అనుకున్నాను. కానీ ఆయన గుటకలు మింగుతున్నారు. స్టీరింగ్ తిప్పాక బండి ఒక్క రవ్వ ఆలస్యంగా తిరుగుతోంది. ఆ రవ్వ నా కంటికి ఆనలేదు, ఏళ్ల తరబడి ట్రైలర్ తిప్పిన ఆయన చేతులకి ఆనింది. చెయ్యి ఒకటి చెబుతోంది, కన్ను ఒకటి చెబుతోంది, ఆ రెండింటి తగువు కడుపులో తేలుతోంది. ఎర్రవాళ్ల ఇరికింపు పెట్టినా అదే వరస. మధ్య బొమ్మ తయారయ్యేదాకా అసలు బొమ్మని ఆపి ఉంచాలట, అందుకే ఆ ఆలస్యమని తర్వాత మా వాడు ఒప్పుకున్నాడు.

ఇరికింపు తీసేసి, పెద్దది చేసే కిటుకు ఒక్కటే ఉంచాం. ఎర్రవాళ్లది పెడితే చేతులు తేలికపడ్డాయి కానీ కళ్లు చిట్లించారు. రోడ్డు పక్క ఇనప కంచె, కరెంటు తీగలు సన్నగా మినుకు మినుకుమంటున్నాయి. పచ్చవాళ్లది పెడితే కంచె కుదురుగా నిలబడింది. అయినా ఎక్కిళ్లు మొత్తం పోలేదు, తెర చిరగడమూ పోలేదు. వంటగది తలుపు కొట్టి, ఇంకేముందిరా మీ దగ్గర అని అడిగాను.

జగిత్యాల కుర్రాడు నాలిక కరుచుకున్నాడు. కార్డు బొమ్మ ఇచ్చిన క్షణానికే తెర దాన్ని చూపించేలా రెండింటికీ జత కుదిర్చే ఏర్పాటు ఒకటి వాడి తెరలోనే ఉందట. ఎర్ర కంపెనీ అందరి కోసం నడిపించిన ఏర్పాటు, పచ్చ కార్డుతో కూడా కలుస్తుందట. పచ్చ, ఎరుపు అని కొట్టుకునే హడావుడిలో అది నొక్కాలని ఇద్దరికీ తోచలేదు. “నీ తెర సంగతి నీకే తెల్వదారా,” అని మా తమ్ముడు వాడి యాసలోనే వాణ్ణి వెక్కిరించాడు. అది నొక్కి, మలుపుల్లో బొమ్మ మసకబారే ఏర్పాటు కూడా తీసేసి, మళ్లీ వంటగదిలోకి పోయారు.

ఆయన గదిలోంచి వచ్చి కూర్చున్నారు. బండి కదిలింది. నేను కళ్లు చూస్తున్నాను, చెమట చూస్తున్నాను. ఎడమచెయ్యి బల్ల అంచు వదిలేసి మెల్లిగా స్టీరింగ్ మీదికి పోయింది. ఊరు దాటారు, వంతెన దాటారు. ఆటలో ఒక తెల్ల కారు ఇండికేటర్ వెయ్యకుండా అడ్డమొచ్చింది.

“అబే, అంధా హై క్యా?” అన్నారాయన.

వంటగదిలో గిన్నెలు కింద పడ్డాయి. కుర్రాళ్లిద్దరూ నవ్వలేక చస్తున్నారు. ఆయన “ప్రభువా, క్షమించు” అనుకుని సిగ్గుపడ్డారు. నాకైతే ఆ తిట్టు విని ప్రాణం లేచొచ్చింది. లేని కారుని, లేని డ్రైవర్ని తిట్టినందుకు నేను స్తోత్రం చెప్పుకున్నాను. పచ్చవాళ్ల మెరుగులు, ఎర్రవాళ్ల జత. ఎవరు గెలిచారని ఇద్దరూ అడిగితే, నేను గెలిచాను, ఇంటికి పోండి అన్నాను.

ఆ తర్వాత రోజులు మంచిగా గడిచాయి. గేటు నుంచి వచ్చి, టీ తాగి, ఎండ తగ్గే వేళకి కాసేపు లారీ తోలేవారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి హాల్లోంచి ఎవడో ఒకడి బాబుని రోడ్డు గురించి అడుగుతుండేవారు. నడకలో తూలు తగ్గింది. ఫిజియో ఆవిడ సంతోషించింది. రంజాన్ మొదలైంది, ఆయన మొహంలో తాళాలు కనబడటం మొదలైంది. ట్రైలర్ మళ్లీ చేతికొస్తే మొదటి ట్రిప్పు ఎటు వేస్తారో కూడా పక్క డ్రైవర్లతో ఫోన్లో మాట్లాడుకునేవారు.

ఆటలో ఒక సదుపాయం ఉంది. పక్క అద్దం చూడాలంటే మెడ తిప్పక్కర్లేదు, ఒక మీట నొక్కితే అద్దం తెర మీదికే వస్తుంది. నేను దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. రంజాన్ చివర్లో ఒక సాయంత్రం నేను టీ తెస్తుంటే, ఆయన ఆ మీట నొక్కడం మానేసి, నిజం బండిలో చూసినట్టు మెడని గబుక్కున కుడివైపు తిప్పారు, మళ్లీ రోడ్డు వైపు తిప్పారు. ఇంకోసారి తిప్పారు. మూడోసారికి కళ్లు మూసుకుని స్టీరింగ్ మీద నుదురు ఆనించేశారు. తెర మీద లారీ మెల్లిగా కంచెలోకి పోయింది.

టీ కింద పెట్టి ఏమైందండీ అన్నాను. తల ఎత్తకుండానే, “పర్లేదులే,” అన్నారు.

రోజూ ఒంటరిగా ఇలా తిప్పి చూసుకుంటున్నారని అర్థమైంది. అద్దం చూడకుండా ట్రైలర్ తోలడం ఎవరి వల్లా కాదు. డాక్టరు ముందు నిటారుగా నిలబడి, బాగానే ఉందని ఒక్క ముక్క అంటే మాత్రం తాళాలు వచ్చేస్తాయి. ఆ తర్వాత జెబెల్ అలీ నుంచి వచ్చే దారిలో, ఎన్నో కార్ల మధ్య, ఏ అద్దం దగ్గర ఏమవుతుందో. డాక్టరుకి నేనే చెప్పేయాలా? చెబితే ఆయన దగ్గర మిగిలిన ఒక్క సంతోషం నా చేత్తో తీసేసినట్టు. నాలుగు రోజులు నాలో నేనే గింజుకున్నాను. ప్రార్థనలో కూడా ఏం అడగాలో తెలియలేదు. చివరికి ఒక్క మాట చెప్పాను. మీరు ఏం చెప్పినా నేను నోరెత్తను, కానీ డాక్టరు దగ్గర మొహమాటపడకండి అన్నాను. ఆయన నా వంక చూసి, టీ గ్లాసు కడగడానికి వెళ్లిపోయారు.

పండగ సెలవులయ్యాక డాక్టరు దగ్గరికి మా తమ్ముడే కారులో తీసుకెళ్లి బయట కూర్చున్నాడు. డాక్టరు అరబ్బు మనిషి, మర్యాదస్తుడు. ఈయన్ని గీత మీద నడిపించాడు, కళ్లు మూసి నిలబెట్టాడు. అన్నీ బాగానే చేశారు. మంచం అంచున కూర్చోబెట్టి, ఇప్పుడు తల తిరగడం ఏమైనా ఉందా అని ఇంగ్లీషులో అడిగాడు. గల్ఫ్‌లో పర్లేదుకి ఇంగ్లీషు ‘నో ప్రాబ్లమ్’. అది అక్కడ ప్రతి డ్రైవరుకీ వచ్చు. ఆయన నోరు తెరిచి, “నో...” అని ఆగిపోయారు. ఆగి డాక్టరు వంక కాదు, నా వంక చూశారు.

అప్పుడు తెలిసింది నాకు. ఈసారి ఆయన మొహమాటం నాతోనే. నా ఆశ ఆయనకి కనబడుతూనే ఉంది ఇన్నాళ్లూ. ఆ పీట మీద కూర్చుని నేను ఎంత సంబరపడ్డానో, తిట్టు వినగానే ఎలా స్తోత్రం చెప్పానో అంతా చూసిన మనిషి. కుర్రాళ్లని వంటగదిలోకి పంపించాను కానీ నేను మాత్రం పక్కనే కూర్చున్నాను కదా. అందుకని లేచాను. నేను బయట ఉంటానండీ అని తలుపు వైపు అడుగు వేశాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

“కూర్చో,” అన్నారు. “బాలేదే. అద్దం వైపు తిరిగితే బాలేదు. ఆయనకి చెప్పు.”

పెళ్లయ్యాక ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. నేను కూర్చుని, అది ఇంగ్లీషులోకి మార్చి డాక్టరుకి చెప్పాను. వార్డులో ఎంతమందికో ఎన్ని కఠినమైన సంగతులో చెప్పాను, ఎప్పుడూ మాటలు వెతుక్కోలేదు. ఆ రోజు ‘అద్దం’కి ఇంగ్లీషు మాట వెతుక్కున్నాను. డాక్టరు ఏదో రాసుకుని, ఈయన భుజం మీద చెయ్యి వేసి, నిజం చెప్పినందుకు థాంక్స్ అన్నాడు. ట్రైలర్ అలా పోయింది. ఈయన గేటుకే ఖాయమయ్యారు.

తిరిగొచ్చేటప్పుడు ఈయన ముందు సీట్లో, నేను వెనక. ముసఫా దగ్గర కంటైనర్లు మోసుకుని ట్రైలర్లు వరసగా పోతున్నాయి. ఆయన వాటి వంక చూడకుండా ఉండటానికి ప్రయత్నించి, చూశారు. నాకు ఏడుపు ఆగలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, ఇంటికెళ్లాక ఏం వండమంటారు, గుత్తివంకాయ చేయనా అని అడిగాను.

“వద్దే,” అన్నారాయన. “నువ్వు చేసే గుత్తివంకాయ బాలేదు.”

మా తమ్ముడు కారు పక్కకి తీసి ఆపాల్సొచ్చింది, అంత నవ్వు వచ్చింది వాడికి. నేను ఏడుస్తూనే ఆయన భుజం మీద ఒక్కటి వేశాను. ఇన్నేళ్లుగా ఆ కూర వారం వారం వండుతున్నాను.